కేశసాక్ష్యము

నాకు దూరపు బంధువులైన ఒకరి యింట, రాత్రి పదకొండు గంటలు దాటిన పిమ్మట, నాలుగేండ్ల పిల్లవాడు గాఢనిద్రలో నున్నాడని రెండుసార్లు రూఢి చేసికొని, తల్లి సెల్‌ఫోను దీపమును తండ్రిచేతి కిచ్చి, తాను చిన్న కత్తెరతో వాని మెడవెనుక చర్మమున కానుకొని యున్న వెంట్రుకలను సన్నని పాయలుగా కత్తిరించుచుండగా, నేను గుమ్మములో నిలుచుండి చూచితిని. మెలకువగా నున్నప్పుడు ఆ పని సాధ్యము కాదు. కత్తెర చప్పుడు చెవిని బడిన మరుక్షణమే ఆ బిడ్డ రెండుచేతులతో చెవులు మూసికొని ఇల్లెగిరిపోవునట్లు అరచును. కత్తిరించిన వెంట్రుకలను ఆమె, పరీక్షశాలవారు పంపిన అట్టముక్క త్రాసులో నుంచి, త్రాసు ఒరుగువరకు చిటికెడు చిటికెడుగా చేర్చి, కవరులో వేసి అంటించి, ఆ రాత్రికి దేవుని గూటిలో పెట్టినది. మరునాటి ఉదయము అది కొరియరులో పోయెను.

మూడువారములకు కాగితము వచ్చెను. ఎడమప్రక్క ముప్పదికి పైగా ధాతువుల పేర్లు; వానికెదురుగా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గడులు; సీసమున కెదురుగా ఎరుపులోనికి చొచ్చుకొనిపోయిన ఒక గీత, అల్యూమినియమున కెదురుగా మరియొకటి. ఆ పిల్లవాని తల్లి దానిని నా ముందు పరచి, గీతలమీద వ్రేలుంచి, "చూశారా బాబాయ్‌గారూ, ఇన్నాళ్ళకి ఒక కాగితం దొరికింది. రెండేళ్ళనుంచి ఎవర్నడిగినా చూద్దాం, ఆగండి అనేవాళ్ళే. ఇందులో ఏముందో, ఏం తీసెయ్యాలో అన్నీ రాసున్నాయి" అన్నది. బిడ్డ దేహములో విషమున్నదని తెలిసిన తల్లి కంఠములో భయము వినబడవలసినచోట ఊరట వినబడినది. ఆ ఊరటను గూర్చియే, అది ఎక్కడనుండి పుట్టినదో, ఎవరు దానిని వెలగట్టి అమ్ముచున్నారో, దాని వెనుక ఏ తలుపు తెరచుకొని యున్నదో చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ ఊరటను పరిహసించుట సులభము. కాని పరిహసించువా రెవ్వరును ఆ తల్లి నడచిన దారిని నడచినవారు కారు. ఆటిజమను మాట ఒక యింటిలోనికి ఒక్కసారిగా రాదు. పిలిచిన పలుకడు, కంటిలోనికి చూడడు, బొమ్మకారును నడిపింపక దాని చక్రమునే గంటలకొలది త్రిప్పును. నాయనమ్మ "వాళ్ళ నాన్నకీ మూడేళ్ళదాకా మాటలు రాలేదు" అని కొట్టివేయును. చెవులు పరీక్షింతురు, చెవులు బాగుగనే యుండును. చివర కొక నిపుణుడు గంటసేపు పిల్లవాని ఆటను, చూపును గమనించి ఆ మాట పలుకును. అది రక్తములో కనబడదు, స్కానులో కనబడదు; పిల్లవాని నడవడిని చూచియే నిర్ణయింపవలసినది. ఎందుకు వచ్చినదని అడిగినచో జన్యువుల పాత్ర చాలనున్నదనియు, కారణములు అనేకములనియు, ఈ బిడ్డ విషయములో ఇదమిత్థమని చెప్పుట కష్టమనియు వైద్యుడు చెప్పును. ఆ మాట సత్యమే. కాని సత్యము చేతికందునట్టి కాగితముగా రాదు. స్పీచి, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) తరగతుల ఫీజులును, వేచియుండవలసిన వరుసలును మాత్రము వచ్చును. అట్టి దాహములో నున్నవారి యెదుట అంకెలతో, రంగులతో, బిడ్డ పేరుతో అచ్చువేసిన ఒక పత్రమును పెట్టినచో వారు దానిని చేతులు చాచి అందుకొనుటలో వింత యేమున్నది?

వైద్యులను నమ్మకపోవుటకు కూడ ఆ తల్లిదండ్రులకు చరిత్రలో హేతువు లేకపోలేదు. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానరు అను వైద్యుడు పదునొకండుగురు పిల్లల వృత్తాంతములను వర్ణించి ఈ స్థితికి పేరిడిన తరువాత, ఇంచుమించు రెండు దశాబ్దములపాటు వైద్యలోకములో ప్రబలిన అభిప్రాయ మేమనగా, తల్లుల హృదయశైత్యమే బిడ్డల నిట్లు తమలోనికి ముడుచుకొనిపోవునట్లు చేసినదని. షికాగోలో బ్రూనో బెటెల్‌హైము ఆ వాదమును 1967లో ఒక పెద్ద గ్రంథముగా ప్రకటించినాడు. బిడ్డను కన్న నేరమునకు తోడు, ప్రేమింపలేదను నిందను కూడ మోసిన తల్లు లెందరో! ఆ నిందను పెకలించినవాడు వైద్యాచార్యుడు కాడు. అమెరికా నౌకాదళములో ఉద్యోగియైన మనస్తత్త్వవేత్త, స్వయముగా ఆటిజము గల కుమారుని తండ్రి, బెర్నార్డు రిమ్లాండు. ఆటిజము దేహసంబంధమైనదే కాని పెంపకపు దోషము కాదని ఆయన 1964లోనే వాదించి నిలబెట్టినాడు. అయితే విధివిలాసమేమో కాని, తల్లుల చెర విడిపించిన ఆ రిమ్లాండే పిమ్మట తాను స్థాపించిన సంస్థద్వారా, దేహములోని లోహములను తీసివేసినచో ఆటిజము తగ్గునను ఉద్యమమునకు పెద్దదిక్కయ్యెను. తండ్రిగా ఒకసారి పండితుల మాటను కాదని గెలిచినవాడు, ప్రతిసారియు పండితులే పొరబడుదురని తలచుట మానవసహజము. నేటి తల్లిదండ్రుల అపనమ్మకము ఆ వారసత్వములోనిదే.

ఇక వెంట్రుకను గూర్చి. వెంట్రుక అబద్ధపు సాక్షి యని నే ననను. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. పెరుగునప్పుడు రక్తములో నున్న కొన్ని ద్రవ్యములు దానిలో చిక్కుపడి, ఊలుదారములో రంగువలె నిలిచిపోవును. జపానులో మినమాత అఖాతపు చేపల ద్వారా పాదరసవిషము ప్రజల దేహములలోనికి చేరినదని 1956 తరువాత తేలినప్పుడు, రోగుల వెంట్రుకలలో 705 పీపీఎం (పదిలక్షల పాళ్ళలో 705 పాళ్ళు) వరకు పాదరసము కనబడినది. 1971-72లో ఇరాకులో పాదరసపు మందు కలిపిన విత్తనపు గోధుమలను రొట్టెలు చేసికొని తిని 6,500 మందికి పైగా ఆస్పత్రుల పాలై, 459 మంది అక్కడనే ప్రాణములు విడిచినప్పుడు, పొడవైన వెంట్రుకను ముక్కలు ముక్కలుగా పరీక్షించి ఏ నెలలో ఎంత విషము లోపలికి పోయినదో శాస్త్రజ్ఞులు లెక్కగట్టగలిగిరి. అక్కడ వెంట్రుక నిజమే చెప్పినది. ఏల చెప్పగలిగినది? అడిగిన ప్రశ్న ఒక్కటే. వెదకిన ద్రవ్యము ఒక్కటే, చేపలలోను ఆ గింజలలోను ఉండు మిథైల్ పాదరసము. అది రక్తములోనుండి వెంట్రుకలోనికి ఏ నిష్పత్తిలో పోవునో లెక్కకు అందినది. పరీక్షించినవారికి తామేమి కనుగొన్నను అమ్ముకొనవలసిన మందు లేదు.

ఆ నాలుగు షరతులలో ఒక్కటియు మన కొరియరు కవరునకు వర్తింపదు. ముప్పదికి పైగా ధాతువులను ఒక్కసారిగా కొలుతురు. వానిలో అధికభాగమునకు వెంట్రుకలోని అంకెకును, దేహములోని నిల్వకును గల సంబంధమేమో ఎవ్వరును స్థాపింపలేదు. వెంట్రుక లోపలినుండి మాత్రమే కాక వెలుపలినుండియు ద్రవ్యములను పీల్చుకొనును. చుండ్రు పోవుటకు వాడు షాంపూలలో జింకో, సెలీనియమో యుండును. బోరునీటిలో ఏ యూరి లవణము లా యూరివి. వీధిదుమ్ములో, పాత రంగుల పొడిలో, కొన్ని కాటుకలలో, కల్తీ సిందూరములో సీసముండవచ్చును. మన యిండ్లలో పిల్లవాని తలకు నూనె రాచిన చేయి అంతకు ముందే దేని నంటినదో ఎవరికి తెలియును? పరీక్షశాలవారు కడిగియే కొలుతుమందురు. కాని కడుగు పద్ధతి ఒక్కొక్కచోట ఒక్కొక్కటి. గట్టిగా కడిగినచో లోపలిది కూడ పోవును, మెల్లగా కడిగినచో వెలుపలిదియు నిలుచును. ఇన్నిటికి తోడు, ఆరోగ్యవంతుడైన బిడ్డ వెంట్రుకలో ఎంత యుండవలెనను హద్దును కూడ ఎవరి పరీక్షశాల వారే గీచుకొందురు. ఆకుపచ్చ ఎక్కడ ముగియునో, ఎరుపు ఎక్కడ మొదలగునో నిర్ణయించువాడు అచ్చువేయువాడే.

ఇది నా ఊహ కాదు. పరీక్షను పరీక్షించినవారు కలరు. స్టీఫెన్ బారెట్టను అమెరికా వైద్యుడు ఆరోగ్యవంతులైన ఇద్దరు బాలికల వెంట్రుకలను పదమూడు వ్యాపారశాలలకు పంపి, వచ్చిన ఫలితములను 1985లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటించెను. ఒకే తల వెంట్రుకలకు శాలశాలకు వేరువేరు అంకెలు వచ్చుట యటుండగా, ఒకే శాలకు రెండుసార్లు పంపినప్పుడును అంకెలు పొసగలేదు. పదునారేండ్ల తరువాత, యంత్రములు మెరుగుపడినవి కదా, ఇప్పుడైన సరిపోవునేమో యని, కాలిఫోర్నియా ఆరోగ్యశాఖకు చెందిన పరిశోధకులు ఒక్క ఆరోగ్యవంతురాలి తలనుండి తీసిన వెంట్రుకలను పంచి, దేశములోని ఇట్టి పరీక్షలలో తొంబదిపాళ్ళు జరుపు ఆరు శాలలకు పంపిరి. పండ్రెండు ధాతువుల విషయములో హెచ్చు అంకె తగ్గు అంకెకు పదిరెట్లు మించినది. దేనిని తినవలెను, ఏ మాత్రలు మ్రింగవలెను అను సలహాలును పరస్పర విరుద్ధములుగా వచ్చినవి. 2001లో అదే పత్రికలో ఆ ఫలితములు అచ్చైనవి. ఒకే బియ్యమును ఆరు అంగళ్ళలో తూచినప్పుడు ఒకచోట కిలోయు, మరియొకచోట పది కిలోలును వచ్చినచో, బియ్యమును అనుమానించువా డెవ్వడు?

అయినను, త్రాసులోని దోషము ఒకనాటికి సరిదిద్దవచ్చును. నాకు అంతకంటె ఘోరముగా తోచునది దాని వెనుక నున్న తర్కము. ఆటిజము పాదరసవిషమునకు మరియొక రూపమను ఊహను 2001లో అమెరికాలో కొందరు తల్లిదండ్రులు ఒక వ్యాసముగా ప్రకటించిరి. పిల్లల టీకాలు చెడకుండుటకై కలుపుచుండిన థైమెరోసాల్ అను పాదరసలవణముమీద అనుమానము పడినది. విషము లోపలికి పోయినచో వెంట్రుకలో హెచ్చుగా కనబడవలెను గదా! మనవారు పుట్టువెంట్రుకలను తిరుమలలోనో, ఇలవేల్పు సన్నిధినో సమర్పింతురు. అమెరికాలో తల్లులు కొందరు బిడ్డ తొలి క్షవరపు కురులను జ్ఞాపకార్థము దాచుకొందురు. అట్లు దాచిన కురులను, ఆటిజము గల 94 మంది పిల్లలవి, లేని 45 మంది పిల్లలవి తీసికొని పరీక్షించి 2003లో ఒక బృందము ప్రకటించిన దేమనగా, ఆటిజము గల పిల్లల వెంట్రుకలలో పాదరసము హెచ్చుగా లేదు సరికదా, మిక్కిలి తక్కువగా నున్నదని. అంతటితో ఆ ఊహ వీగిపోవలసినది. వీగిపోలేదు. ఈ పిల్లలు పాదరసమును వెంట్రుకలలోనికి విసర్జింపలేక లోపలనే నిలుపుకొనుచున్నారు, తక్కువగా కనబడుటయే విషమునకు నిదర్శనము, అని భాష్యము చెప్పిరి.

కావున నేడు అంకె హెచ్చైనచో విషము చేరినట్లు. తగ్గైనచో విషము దాగినట్లు. పాదరసము మామూలుగా నుండి తక్కిన ధాతువులు హెచ్చుతగ్గులుగా నున్నచో, ఆ వాదమువారు వాడు లెక్కింపు సూత్రముల ప్రకారము, పాదరసమే ధాతుసంచారమును చెదరగొట్టినట్లు. మన తర్కశాస్త్రము చదువు బాలుడు తొలుత నేర్చు పాఠము కొండమీది పొగను చూచి నిప్పు నూహించుట. ఆ ఊహకు బలమెక్కడిదనగా, నిప్పు లేని మడుగులో పొగ కనబడదు గనుక. పొగ యున్నది కావున నిప్పున్నది, పొగ లేదు కావున నిప్పు లోలోపల రాజుచున్నది, అని రెండు విధముల చెప్పువానిని గురువు తరగతినుండి లేపి నిలబెట్టును. నిర్దోషియని తీర్పు వచ్చుటకు వీలే లేని న్యాయస్థానములో బిడ్డను నిలబెట్టుచున్నామని ఆ రంగుల కాగితము నందుకొను తల్లికి ఎవరైన చెప్పినారా?

థైమెరోసాల్ కథయు ముగిసినదే. డెన్మార్కులో 1992లోనే దానిని టీకాలనుండి తొలగించిరి. ఆటిజము నిర్ణయింపబడిన పిల్లల సంఖ్య ఆ తరువాత తగ్గలేదు, పెరిగినది. అమెరికాలో 1999లో తొలగింపు మొదలై రెండేండ్లలో ఇంచుమించు పూర్తియైనది. కాలిఫోర్నియా లెక్కలను పరిశీలించి 2008లో ప్రకటించిన వ్యాసమును అదే చెప్పినది. అపరాధి యని తలచినవాడు ఊరు విడిచిపోయిన పిమ్మటను దొంగతనములు పెరుగుచునే యున్నచో, ఆ దొంగ వాడు కాడనుట పెద్ద పాండిత్యము కాదు.

"ఏదో తెలిసికొందురు, పోనిండు, వెంట్రుకలే కదా, కోసిన నొప్పియా?" అని యడుగువారు కలరు. వెంట్రుక కోసిన నొప్పి లేదు. కాని ఆ కాగితము కాగితముగా నిలువదు. దాని అడుగున, ఈ లోహములను దించవలెనను సలహా యుండును; దాని వెనుక, దించెదమనువారు నిలుచుందురు. వారిలో మెలకువ గలవారు ముందు మరియొక పరీక్ష చేయింతురు: లోహమును లాగు మందును బిడ్డకు త్రాగించి, ఆ పిమ్మట మూత్రమును పట్టి, మందు త్రాగని మనుష్యుల హద్దులతో దానిని పోల్తురు. మందిచ్చిన ఎవరి మూత్రములోనైనను అంకె పెరుగును. పెరిగిన అంకెను చూపి మరల మందిత్తురు. దీనికి కీలేషన్ అని పేరు. పీత డెక్కకు గ్రీకు భాషలో నున్న మాటనుండి పుట్టినది. డెక్కతో పట్టినట్లు ఆ మందు లోహమును పట్టి మూత్రమార్గమున ఈడ్చుకొనిపోవును. నిజముగా సీసము తలకెక్కిన బిడ్డకు ఆస్పత్రిలో అది ప్రాణదాత. కాని పీతకు మంచిచెడుల వివేకము లేదు. అది సీసమునే కాక జింకును, కొన్ని రకములైనచో కాల్షియమును కూడ పట్టును.

2005 ఆగస్టులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఆటిజము గల అయిదేండ్ల బాలునికి ఒక వైద్యశాలలో రక్తనాళము ద్వారా ఇట్టి మందెక్కించిరి. కాల్షియము కలిసిన రకమునకు బదులు సోడియము కలిసిన రకము ఎక్కినది. రక్తములోని కాల్షియము ఒక్కసారిగా పడిపోయి, హృదయము నిలిచిపోయి ఆ బిడ్డ మరణించెను. మరుసటి యేడు అమెరికా ప్రభుత్వపు రోగనియంత్రణ సంస్థ ఇట్టి మరణములను గూర్చి ప్రత్యేకముగా హెచ్చరిక ప్రకటించినది. పేర్లొక్కలాగున నున్న రెండు సీసాలలో ఒకదానికి బదులొకటి చేతికి వచ్చుట యెవరికైన సంభవింపవచ్చును. కాని ఏ సీసాయు అక్కరలేని బిడ్డ ఆ మంచముమీది కెట్లు వచ్చినాడన్నది అసలు ప్రశ్న.

సీసా మారక, అంతయు సక్రమముగ జరిగినను ఫలమేమి? అమెరికాలో రక్తమున సీసము నిజముగా హెచ్చుగా నున్న 780 మంది చిన్నపిల్లలకు, కొందరికి కీలేషన్ మాత్రలు, కొందరికి ఉత్తమాత్రలు ఇచ్చి చూచిన పరిశోధన 2001లో వెలువడినది. రక్తములో సీసము తగ్గినది. తెలివి, నడవడి, భాష మాత్రము రెండు జట్లలోను ఒక్కతీరుగనే యుండెను. సీసము నిజముగా నున్న పిల్లల గతియే అదియైనప్పుడు, అది యున్నదో లేదో తెలియనివారి మాట యేమనవలె? అమెరికా జాతీయ మానసికారోగ్య సంస్థ ఆటిజము గల పిల్లలమీద ఆ మాత్రలను పరీక్షింప సంకల్పించి, 2008లో ఆ ప్రయత్నమును విరమించినది. ఏలయనగా, సీసమంటని ఎలుకపిల్లలకు ఆ మందిచ్చినచో వాని నేర్చుకొను శక్తియు, ఉద్వేగనిగ్రహమును చిరకాలము దెబ్బతినినవని అంతకు ముందేడు ఒక పరిశోధన చూపినది. 2010లో ఆ దేశపు ఔషధనియంత్రణ సంస్థ, వైద్యుని చీటీ లేకుండ ఇట్టి మందులమ్ముచున్న ఎనిమిది కంపెనీలను హెచ్చరించినది.

"మా వానికి మందిచ్చిన తరువాత మాట వచ్చినది" యని చెప్పు తల్లిదండ్రులును కలరు. వారు అబద్ధమాడుచున్నారని నే ననను. కాకి వ్రాలినది, తాటిపండు రాలినది. ఆటిజము గల బిడ్డయు పెరుగు బిడ్డయే, నాలుగేండ్లవాడు అయిదేండ్లవాడగును, ఏడాదిగా స్పీచి టీచరు చెప్పిన పాఠము, అమ్మ వేయిసార్లు చూపిన బొమ్మ, బడిలో ప్రక్కబిడ్డ చేసిన అల్లరి, ఇవన్నియు లోపల కూడుకొని ఒకనాడు మాటయై వెలికివచ్చును. ఆ నాటి ఉదయము ఏ మాత్ర మ్రింగించిరో దానికే కీర్తి దక్కును. వేయిసార్లు బొమ్మ చూపిన తల్లి తన కష్టమును తానే మాత్రకు ధారపోయును. ఈ వ్యాపారములో నాకు అన్నిటికంటె అన్యాయముగా తోచునది డబ్బు పోవుట కాదు, ఇదియే.

ఇంత చెప్పి, లోహములు నిరపాయములని ముగించినచో నేనును మరియొక విధముగా పాఠకుని మోసగించినవాడ నగుదును. సీసము నిజమైన శత్రువు. పిల్లల మెదడునకు అది చేయు హాని నిస్సందేహము. మనదేశమున సీసపు పెట్రోలు 2000 సంవత్సరమునకు గాని పోలేదు. గోడరంగులలో సీసమునకు 90 పీపీఎం హద్దు 2017 నవంబరులో గాని అమలునకు రాలేదు. పాతబ్యాటరీలు కరగించు కొలిమి దగ్గర, పెచ్చులూడు పాతయింటి గోడ దగ్గర ఆడుకొను బిడ్డ నోటిలోనికి అది నేటికిని పోవుచునే యున్నది. ఆటిజము గల పిల్లలలో కొందరికి మన్ను, సున్నము, పెచ్చులు తిను అలవాటుండును గనుక వారి విషయములో ఈ అనుమానము వైద్యునికి ముందుగా రావలెను. అయితే దానికి పరీక్ష రక్తములో సీసమును కొలుచుట; వెంట్రుక కాదు. ఆ పరీక్షకు హద్దులున్నవి, ఫలితము తేడాగా నున్నచో చేయవలసిన దేమో తెలియును, అన్నిటికంటె ముఖ్యముగా అది "లేదు" అని చెప్పగలదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛవచ్చి పడిపోయినప్పుడు వైద్యులు తీసినది రక్తము. దానిలో సీసము, నికెలు కనబడినవని మొదట ప్రకటించిరి, పిమ్మట పురుగుమందులమీదికి అనుమానము మళ్ళినది. రక్తము తీసి, నీరు తీసి, కూరగాయలు తీసి, దేశములోని పెద్ద సంస్థలన్నియు కూడి వెదకినప్పుడే కారణ మంత తటపటాయించి తేలినదన్నచో, చిటికెడు వెంట్రుకలు మూడువారములలో సర్వమును చెప్పునని నమ్ముట ఎట్లు?

మన తెలుగువారికి ఈ పరీక్ష రెండు దారుల వచ్చుచున్నది. అమెరికాలో నున్న పిన్నియో మేనమామయో అక్కడి తల్లుల నోట విని ఇక్కడికి చెప్పుట యొకటి. పెద్దపట్టణములలో డీటాక్స్ అను బోర్డు క్రింద నేరుగా అమ్ముట రెండవది. రెంటికిని తలుపు తెరచునది మన వైద్యుల మౌనము. పది నిమిషముల భేటీలో, "అదంతా ట్రాష్ అమ్మా" అని ఒక్కమాట విసరి తరువాతి రోగిని పిలుచు వైద్యునికంటె, గంటసేపు కూర్చుండబెట్టి ప్రతి గీతకును అర్థము చెప్పు అమ్మకపువాడే దయాళువుగా కనబడును. ఎందుకు కాదో విడమరచి చెప్పుటకు పది నిమిషములు చాలవు. ఆ సమయము నిచ్చుటయు చికిత్సయే యని మన వైద్యులు గ్రహింపవలెను. తల్లిదండ్రులు తమంతట అడుగదగిన ప్రశ్న లొక రెండు కలవు: ఈ పరీక్షలో ఏ ఫలితము వచ్చినచో మా బిడ్డకు లోహదోషము లేదని మీరొప్పుకొందురు? ఈ పరీక్ష చేయువారికిని, తరువాత మందమ్మువారికిని సంబంధమేమి? మొదటిదానికి జవాబు దొరకనిచోట రెండవదానికి జవాబు తప్పక దొరకును.

ప్రభుత్వముల బాధ్యతయు తక్కువది కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించిన ఇరువదియొక్క వైకల్యములలో నొకటిగా చేర్చినది. సికింద్రాబాదు మనోవికాసనగరులో 1984నుండి బుద్ధివికాసలోపము గలవారికై జాతీయసంస్థ యున్నది. మండలములలో భవిత కేంద్రములు, జిల్లాలలో శైశవ దశలోనే లోపములను కనిపెట్టు కేంద్రములు కలవు. నిరామయ అను బీమా పథకము ఏటికి లక్షరూపాయలవరకు చికిత్సల ఖర్చునకు కలదు. కాని ఆ కేంద్రములలో మాటలు నేర్పు శిక్షకులు చాలినంతమంది యున్నారా, నిరామయ పేరు ఎందరు తల్లులు విన్నారు? వెంట్రుకలు పంపిన మూడువారములకు కాగితము వచ్చును. స్పీచి తరగతికి పేరిచ్చిన మూడునెలలకైనను పిలుపు రాని ఊళ్ళలో, తల్లి ఏ తలుపు తట్టునో చెప్పుటకు జ్యోతిష్కుడు అక్కరలేదు. పరీక్షశాలలను కట్టడి చేయవలసినదే. కాని దానికి ముందు ఆ నిరీక్షణను తగ్గింపవలెను.

మొదట చెప్పిన యింటి సంగతి చెప్పి ముగింతును. ఎరుపుగీతల కాగితమును ఆ దంపతులు పిల్లల వైద్యునివద్దకు తీసికొనిపోయిరి. అదృష్టవశమున ఆయన దానిని విసరివేయలేదు, ప్రక్కను పెట్టి, పిల్లవాడేమి తినునో, ఎక్కడ ఆడునో అడిగి, రక్తములో సీసమును పరీక్ష చేయించెను, మామూలుగా నున్నది. ఆ తల్లి ఆనందింపలేదు. చేతికి దొరికిన కారణము మరల జారిపోయినందుకు రెండుదినములు ఏడ్చినది. ఆ తరువాత ఓటీ టీచరు సలహామీద, లోహముల మందునకై దాచిన డబ్బును తరగతులకు మరల్చి, ఇంటిలో వేరొక పని మొదలుపెట్టిరి. మొదట ప్లాస్టిక్ కత్తెరతో కాగితము కోయుట. పిమ్మట కత్తెర చప్పుడును పక్కగదిలో వినిపించుట. పిమ్మట వీధి చివర సెలూనుకు పోయి, క్షవరము చేయించుకొనకయే, అద్దములో ముఖము చూచుకొని వచ్చుట. ఆ సెలూను యజమాని వీనికి నీళ్ళు చిమ్ము సీసా చేతికిచ్చి, గోడమీద చిమ్ముకోనిచ్చెడివాడట. ఇట్లు ఎనిమిదినెలలు గడచినవి. మొన్న ఆదివారము మధ్యాహ్నము ఫోను మ్రోగినది. వెనుక సెలూనులోని రేడియో పాట, దానిమీద పిల్లవాని కూనిరాగము వినబడుచున్నవి.

"బాబాయ్‌గారూ, వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చుని చేయించుకున్నాడు. సగం తల అయింది. ఇక చాలన్నాడు, దిగిపోయాడు. మిగతా సగం రేపు."